ఏడిద నాగేశ్వరరావు గారి సినీ ప్రస్థానాన్ని గ్రంథస్థం చేసిన నా అనుభవం

మా పట్టణంలోని ఒక సాహితీ సంస్థ, గోదావరి జిల్లాల నుంచి సినీరంగానికి వెళ్ళిన ప్రముఖులపై ప్రత్యేక సంచిక తీసుకురావాలని సంకల్పించి, వ్యాసాలను తలా ఒకరికి పంచింది. నటులకు, గాయకులకు, పాటల రచయితలకు రాసేవారు వెంటనే ముందుకు వచ్చారు. నిర్మాతల వంతు వచ్చేసరికి ఎవరూ ఉత్సాహం చూపలేదు గనుక, తెలుగు ఉపన్యాసకుడిగా పనిచేసి విరమించిన నాకు ఏడిద నాగేశ్వరరావు గారిపై వ్యాసం అప్పగించారు. 1934 ఏప్రిల్ 24న కొత్తపేటలో పుట్టి, నాటకాలపై మమకారంతో పెరిగి, మద్రాసు చేరి చిన్న పాత్రలు వేస్తూ, ఇతర నటులకు గొంతు అరువిస్తూ, చివరకు పూర్ణోదయా సంస్థ పక్షాన 'శంకరాభరణం' నిర్మించిన వ్యక్తి ఆయన. "సినిమాల పట్టిక, అవార్డుల పట్టిక వేస్తే సగం వ్యాసం అయిపోయినట్టే మాస్టారూ" అని సంపాదకులు నాకు ధైర్యం చెప్పారు. ఆ రెండు పట్టికలూ త్వరగానే తయారయ్యాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుని చూస్తే అందులో దర్శకులు కనిపించారు, సంగీత దర్శకులు కనిపించారు, గాయనీగాయకులు కనిపించారు. ఏ మనిషి గురించి నేను రాయాలో ఆ మనిషి మాత్రం కనిపించలేదు.

నిర్మాత గురించి రాయబూనినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. నటుడి పని తెరమీద ఉంటుంది, కవి పని పాటలో ఉంటుంది, ఛాయాగ్రాహకుడి పని ప్రతి దృశ్యంలోనూ ఉంటుంది. నిర్మాత పని చాలావరకు చిత్రీకరణకు ముందే, విడుదల తరువాతే జరుగుతుంది; ఆ రెండు చోట్లా కెమెరా ఉండదు. పాత ఇంటర్వ్యూలు ఎన్ని చదివినా "నిర్మాత గారు ఒప్పుకున్నారు", "నిర్మాత గారు వెనుకాడలేదు" అన్న వాక్యాలే తప్ప, ఆ ఒప్పుకోవడంలో ఆయన ఏం పణంగా పెట్టారో చెప్పేవారు అరుదు. చట్టం మాత్రం వేరే విధంగా చూస్తుంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం పుస్తకానికి కర్త రచయిత అయినట్లే చలనచిత్రానికి కర్త నిర్మాత. ఆ హక్కు చిత్రం వెలువడిన మరుసటి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్ళపాటు చెల్లుతుంది. అంటే 1980లో విడుదలైన 'శంకరాభరణం' హక్కులకు 2040 చివరి దాకా గడువుంది. ప్రేక్షకుడు దర్శకుడు విశ్వనాథ్ గారి సినిమా అంటాడు, పాటల అభిమాని సంగీత దర్శకుడు మహదేవన్ గారి సినిమా అంటాడు, చట్టం ఏడిద గారి సినిమా అంటుంది. ఈ మూడో మాటకు ఆధారాలు వెదకడమే నా పని అని నిర్ణయించుకున్నాక గాని వ్యాసానికి ఒక దారి దొరకలేదు.

ముందుగా సినిమాలన్నీ మళ్ళీ చూశాను. కథ కోసం కాక పేర్ల పట్టీ కోసం, సెన్సారు సర్టిఫికెట్టు కోసం చూశాను. పూర్ణోదయా పక్షాన ఏడిద గారి చిత్రాలు తొమ్మిది: 'తాయారమ్మ బంగారయ్య' (1979), 'శంకరాభరణం' (1980), 'సీతాకోకచిలుక' (1981), 'సాగర సంగమం' (1983), 'సితార' (1984), 'స్వాతిముత్యం' (1986), 'స్వయంకృషి' (1987), 'స్వరకల్పన' (1989), 'ఆపద్బాంధవుడు' (1992). వీటికి ముందు 1976లో వచ్చిన 'సిరిసిరిమువ్వ'కు ఆయన నిర్మాణ నిర్వహణ చూశారు, కె. విశ్వనాథ్ గారితో అనుబంధం ఏర్పడింది అక్కడే. 'శంకరాభరణం' పేర్ల పట్టీలో ఆయనతోపాటు ఆకాశం శ్రీరాములు గారి పేరు కూడా ఉంటుంది. ఏ సినిమా అయినా ఒక్కడి జేబులోంచి రాదని గుర్తుచేసే ఇలాంటి వివరాలను జనాదరణ పొందిన వ్యాసాలు సాధారణంగా వదిలేస్తాయి. నేను వదలలేదు.

అవార్డుల పట్టికను సరిచూడటానికి అనుకున్నదానికంటే ఎక్కువ శ్రమ పట్టింది. జాతీయ చలనచిత్ర పురస్కారాలకు ప్రతి ఏటా ప్రభుత్వం ఒక పుస్తకం అచ్చు వేస్తుంది. వాటిలో చాలా సంపుటాలు ఇప్పుడు కంప్యూటరు మీద చదువుకోవడానికి వీలుగా దొరుకుతున్నాయి. 27వ పురస్కారాల సంపుటం తెరిస్తే, సంపూర్ణ వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా 'శంకరాభరణం' ఉంది. అయితే ఆ పురస్కారాలు 1979 సంవత్సరానివి. సినిమా విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. మొదటిసారి చూసినవారికి ఇది అచ్చుతప్పులా తోస్తుంది. నిజానికి జాతీయ పురస్కారాల పరిశీలనకు విడుదల తేదీతో పనిలేదు, సెన్సారు సర్టిఫికెట్టు తేదీయే ప్రమాణం. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపల సర్టిఫికెట్టు పొందిన చిత్రాలన్నీ ఆ ఏటి లెక్కలోకి వస్తాయి. సంవత్సరాంతంలో సెన్సారు పూర్తిచేసుకుని, కొత్త సంవత్సరంలో థియేటర్లకు వచ్చే చిత్రాలకు అవార్డు సంవత్సరం ఒకటి, విడుదల సంవత్సరం మరొకటి కావడం సహజం. తెలుగులో వచ్చిన ఎన్నో పుస్తకాలు, పత్రికా వ్యాసాలు ఈ తేడాను పట్టించుకోకుండా రెండు సంవత్సరాలను కలిపేయడం వల్ల ఒకే చిత్రం పేరు రెండు మూడు తేదీలతో కనిపిస్తుంది. అందుచేత నా పట్టికలో రెండు సంవత్సరాలకూ వేర్వేరు గడులు గీసుకున్నాను.

ఆ పట్టికలోనే మరో విభజన కూడా చేశాను: చిత్రానికి వచ్చిన పురస్కారం ఏది, వ్యక్తికి వచ్చినది ఏది? చిత్రానికి ఇచ్చే పురస్కారంలో దర్శకుడితోపాటు నిర్మాతకూ భాగం ఉంటుంది. గానానికో, సంగీతానికో, కూర్పుకో (ఎడిటింగుకో) ఇచ్చినప్పుడు నిర్మాత వేదిక కింద కూర్చుని చప్పట్లు కొట్టవలసినవాడే. ఈ లెక్కన ఏడిద గారికి నిర్మాతగా దక్కిన జాతీయ పురస్కారాలు నాలుగు: 'శంకరాభరణం'కు స్వర్ణకమలం, ఆపై 'సీతాకోకచిలుక', 'సితార', 'స్వాతిముత్యం' చిత్రాలకు ఉత్తమ తెలుగు చిత్రాలుగా రజతకమలాలు. 'స్వాతిముత్యం' అంతటితో ఆగక, 1986లో మన దేశం తరఫున ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల విభాగానికి అధికారికంగా వెళ్ళింది.

వ్యక్తులకు వచ్చినవాటిని విడిగా రాసుకున్నప్పుడు నాకు ఆసక్తికరమైన సంగతి ఒకటి కనిపించింది. 'శంకరాభరణం'కు సంగీత దర్శకుడిగా కె.వి. మహదేవన్ గారికి, గానానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి, వాణీ జయరాం గారికి; 'సాగర సంగమం'కు ఇళయరాజా గారికి, మళ్ళీ బాలు గారికి; 'సితార'కు ఎస్. జానకి గారికి, కూర్పు చేసిన అనిల్ మల్నాడ్ గారికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఏడింటిలో ఆరు సంగీతానివే. ఇంత బరువు ఒకే వైపు మొగ్గడం కేవలం విశ్వనాథ్ గారి అభిరుచి వల్లనే అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే 'సితార' దర్శకుడు వంశీ. దర్శకుడు మారినా, సంగీత దర్శకుడు మారినా, పాటకు చోటిచ్చే గుణం ఆ సంస్థలో మారలేదు. ఆ రోజుల్లో పాట రికార్డింగు అంటే వాద్యబృందమంతా ఒకే హాలులో కూర్చుని గాయకులతో కలిసి వాయించే పని. చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పినా మొదటికి రావలసిందే. స్టూడియో అద్దె, వాద్యకారుల కాల్షీటు, మళ్ళీ మళ్ళీ చేసిన రిహార్సళ్ళు అన్నీ నిర్మాత పద్దులోకే వెళతాయి. దాని మీద కలర్ నెగెటివ్ ముడిఫిల్ము విదేశాల నుంచి రావలసిన సరుకు కనుక, ఒక నృత్యాన్ని నాలుగుసార్లు తీద్దామని దర్శకుడు అన్నప్పుడు ఎన్ని అడుగుల ఫిల్ము పోతుందో లెక్క వేసేదీ నిర్మాణ శాఖే. అనుభవం లేనివారికి ఇది పిసినారితనంలా కనిపిస్తుంది గాని, ఆ లెక్క తెలిసిన నిర్మాత మాత్రమే ఎక్కడ లెక్క చూడకూడదో తెలుసుకోగలడని నా అభిప్రాయం.

తరువాతి మెట్టు పాత పత్రికలు. 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనంలో పాత దినపత్రికల కట్టలు భద్రంగా ఉంటాయని పరిశోధకులందరికీ తెలిసిందే. అక్కడికి వెళ్ళి కూర్చున్నాను. సమీక్షల కంటే ప్రకటనలే నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయని చెబితే కొందరికి విడ్డూరంగా ఉండవచ్చు. సమీక్షకుడు కథ చెబుతాడు, నటన మెచ్చుకుంటాడు, ఛాయాగ్రహణానికి ఒక వాక్యం కేటాయిస్తాడు. నిర్మాత పేరు చివరి పంక్తిలో కూడా ఉండకపోవచ్చు. ప్రకటన మాత్రం నిర్మాత గొంతే. ఏ ఊళ్ళో ఏ థియేటరు, ఏ వారం ఎన్ని కేంద్రాలు, ఏ పేరును పెద్ద అక్షరాల్లో వేశారు, ఏ దశలో సంగీత దర్శకుడి బొమ్మ ముందుకు వచ్చింది, యాభయ్యో రోజు పోస్టరులో ఎవరికి కృతజ్ఞతలు చెప్పారు అన్నవన్నీ ఒక వ్యాపారి తన సరుకును ఎలా అర్థం చేసుకున్నాడో చెబుతాయి. సినిమా పత్రికల విషయంలో అంత అదృష్టం దొరకదు. 'విజయచిత్ర', 'సితార', 'జ్యోతిచిత్ర' సంచికలను గ్రంథాలయాలు శాశ్వత సాహిత్యంగా భావించలేదు. అవి ఎక్కువగా వ్యక్తుల అటకల మీద బతికాయి. పాటల పుస్తకాలదీ అదే గతి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పోస్టర్లనూ పాటల పుస్తకాలనూ కూడా చలనచిత్రాలతో సమానంగా సేకరించడం ఎంత ముందుచూపో ఈ పనిలో దిగాక నాకు బోధపడింది.

అక్షరాల్లో దొరకని భాగం కోసం విజయవాడ వెళ్ళాను. ఒకప్పుడు గాంధీనగర్ అంటే పంపిణీ కార్యాలయాల పేట. అక్కడ దశాబ్దాలపాటు ఒక పంపిణీ సంస్థలో రిప్రజెంటేటివ్‌గా పనిచేసి విరమించిన పెద్దమనిషిని ఒక మిత్రుడు పరిచయం చేశాడు. ఫిల్ము డబ్బాలున్న పెట్టెలతో రైళ్ళెక్కి, ఊరూరా థియేటరు గేటు దగ్గర టిక్కెట్లు లెక్కపెట్టి, రాత్రి ఆట అయ్యాక రోజువారీ వసూళ్ళ పత్రం మీద సంతకం పెట్టించుకున్న మనిషి ఆయన. నేను ఏడిద గారి గురించి అడగబోతే, ఆయన ముందు నాకు వ్యాపారం నేర్పాలని నిశ్చయించుకున్నారు. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), వైజాగ్, ఈస్ట్, వెస్ట్ (ఉభయ గోదావరులు), కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలు ఎలా విడిపోతాయో, బయ్యరు, అంటే ఒక ఏరియాకు సినిమాను కొనుక్కునే పంపిణీదారు, ఇచ్చే అడ్వాన్సు ముహూర్తం నాడు కొంత, చిత్రీకరణ నడుస్తుండగా కొంత, ప్రింటు చేతికిచ్చే రోజున మిగిలింది అన్న వాయిదాల్లో ఎలా వస్తుందో, పేరున్న హీరో లేని సినిమాకు ఆ మొదటి వాయిదా ఎందుకు రాదో వివరించారు.

"హీరో పేరు చెబితే అడ్వాన్సు, డైరెక్టరు పేరు చెబితే కాఫీ అండీ ఆ రోజుల్లో" అని నవ్వి, ఆయన హోల్డోవరు సంగతి ఎత్తారు. థియేటరుతో కుదుర్చుకునే ఒప్పందంలో ఒక మొత్తం రాసుకుంటారు. వారం వసూళ్ళు ఆ మొత్తానికి తగ్గితే థియేటరు యజమాని సినిమాను ఎత్తేసి మరొకటి వేసుకోవచ్చు. నిదానంగా అందుకునే సినిమాకు ప్రాణగండం ఇక్కడే. జనం ఒకరికొకరు చెప్పుకుని వచ్చేలోపే థియేటరులో బొమ్మ మారిపోతుంది. అలా మారకుండా ఉండాలంటే నిర్మాత గాని పంపిణీదారు గాని యజమానిని బతిమాలాలి, లేదా తగ్గిన సొమ్మును తామే భరించాలి. "మంచి సినిమాలు పడిపోవడం మేము చాలా చూశామండీ మాస్టారూ. రెండో శుక్రవారం దాటించేవాడు వెనకాల ఉండాలి. వాడేనండీ ప్రొడ్యూసరంటే" అన్నారాయన. ఎటువంటి సినిమాల విషయంలో ఈ మాట నిజమో చెప్పడానికి ఆయన ఉదాహరణలు వెదుక్కోనక్కరలేకపోయింది. రెవెన్యూ శాఖ ఉద్యోగి, రంగస్థల నటుడు అయిన జె.వి. సోమయాజులు గారు కథానాయకుడుగా, శాస్త్రీయ సంగీతం కథావస్తువుగా వచ్చిన 'శంకరాభరణం' మొదటి ఆటలకు పలచగా ఉండి, చూసినవారి మాటతోనే నిండిందని ఆ తరం వారంతా చెబుతారు. ఆ మాటను నేను ఎన్నోసార్లు విన్నాను గాని, హోల్డోవరు గురించి తెలిశాక మాత్రమే అందులో నిర్మాత ఎక్కడున్నాడో అర్థమైంది.

ఇక్కడి నుంచి నా వ్యాసం స్వరూపం మారింది. ఏ అవార్డు ఎప్పుడు వచ్చిందన్నది పక్కనపెట్టి, ఒక సినిమా మీద వచ్చిన డబ్బును ఆయన తరువాత దేనిమీద పెట్టారు అని వరుసగా రాసుకున్నాను. కొమ్మినేని శేషగిరిరావు దర్శకత్వంలో కైకాల సత్యనారాయణ, షావుకారు జానకి నటించిన కుటుంబ చిత్రం 'తాయారమ్మ బంగారయ్య' తరువాత, అదే బాటలో మరొకటి తీసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన 'శంకరాభరణం' తీశారు. ఆ సినిమా దేశమంతా పేరు తెచ్చాక, మరో సంగీత విద్వాంసుడి కథ తీసి ఉంటే బయ్యర్లు బారులు తీరేవారు. ఆయన తమిళం నుంచి భారతీరాజాను తీసుకొచ్చి, కార్తీక్, ముచ్చర్ల అరుణ వంటి కొత్తవారితో కౌమారప్రాయపు ప్రేమకథ 'సీతాకోకచిలుక' తీశారు. ఒక చేలో పండిన పంట సొమ్మును మళ్ళీ అదే చేలో పెట్టకుండా, ఏటా కొత్త చేనుకు కౌలు కట్టిన రైతు లాంటి ధోరణి ఇది. ఆ తరువాత గాని విశ్వనాథ్ గారితో, అప్పటికే పెద్ద తార అయిన కమల్ హాసన్‌తో 'సాగర సంగమం'కు రాలేదు.

ఈ వరుసలో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టింది 'సితార'. వంశీ అంతకుముందు 'శంకరాభరణం'కు విశ్వనాథ్ గారి దగ్గర, 'సీతాకోకచిలుక'కు భారతీరాజా దగ్గర సహాయ దర్శకుడిగా పనిచేశారు. అంటే తన చిత్రీకరణల్లో క్లాప్ కొట్టి, నటులకు సంభాషణలు అందించి, ఎండలో అటూ ఇటూ పరుగెత్తిన కుర్రవాడిని నిర్మాత కొన్నేళ్ళపాటు దగ్గర నుంచి చూశారన్న మాట. వంశీ 1982లో 'మంచుపల్లకి'తో దర్శకుడయ్యారు. రెండో చిత్రాన్ని, అదీ ఆయన సొంత నవల 'మహల్లో కోకిల' ఆధారంగా, పూర్ణోదయా చేపట్టింది. విశ్వనాథ్ గారి తేదీల కోసం ఎదురుచూడగలిగిన సంస్థ, పట్టుమని పాతికేళ్ళు దాటిన దర్శకుడికి పెట్టుబడి అప్పగించడం వెనుక ఏ జ్యూరీకీ కనిపించని పరిశీలన ఉంది. ఆ చిత్రం మూడు జాతీయ పురస్కారాలు తెచ్చింది. ఐదేళ్ళ తరువాత అదే దర్శకుడితో తీసిన 'స్వరకల్పన'కు అలాంటి ఆదరణ లేదు. చాలా వ్యాసాల్లో ఈ సినిమా పేరే ఉండదు. ఒక నిర్మాత ఎలా ఆలోచించాడో తెలుసుకోవాలంటే గెలిచిన పందాలతోపాటు ఓడిన పందాన్నీ చూడాలి కనుక నేను దానికి కూడా ఒక పేరా కేటాయించాను.

పురస్కారాల పట్టికలో చోటు లేని మరో పద్దు హక్కులది. 'సాగర సంగమం' తమిళంలో 'సలంగై ఒలి'గా, 'స్వాతిముత్యం' 'సిప్పిక్కుళ్ ముత్తు'గా వెళ్ళాయి. 'తాయారమ్మ బంగారయ్య' హిందీలో 'శ్రీమాన్ శ్రీమతి' (1982) అయింది. 'శంకరాభరణం' 'సుర్ సంగమ్' (1985)గా, 'స్వాతిముత్యం' 'ఈశ్వర్' (1989)గా విశ్వనాథ్ గారి దర్శకత్వంలోనే మళ్ళీ తయారయ్యాయి. అనువాద హక్కు, పునర్నిర్మాణ హక్కు, ఆడియో హక్కు అన్నవి అప్పట్లో నేటి ఓటీటీ ఒప్పందాలంత పెద్ద మొత్తాలు కావు గాని, ఒక సినిమాకు మరో సినిమాకు మధ్య నిర్మాతను నిలబెట్టే ఆసరా అవే. తొమ్మిది చిత్రాల్లో మూడు హిందీకి వెళ్ళాయంటే ఆ కథలకు ఎల్లలు దాటే బలం ఉందని అర్థం. కథను ఎంచుకోవడం నిర్మాత పని అని ఒప్పుకునేవారికి ఇది కూడా ఒక పురస్కారమే.

ఖర్చులు, వసూళ్ళ అంకెలు వేయమని సంపాదకులు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. సినిమా ఖర్చు అన్నది చెప్పేవారిని బట్టి, చెప్పిన సందర్భాన్ని బట్టి మారుతుంది. పద్దుపుస్తకం చూపని అంకె ప్రచారం కిందికే వస్తుంది. దానికి బదులు, ఎవరైనా సరిచూసుకోగల విషయాలు చేర్చాను. దర్శకుల లెక్క అలాంటిది: తొమ్మిదింటిలో ఐదు విశ్వనాథ్ గారివి, రెండు వంశీవి, భారతీరాజాకు ఒకటి, శేషగిరిరావుకు ఒకటి. నటుల వైపు చూస్తే కమల్ హాసన్ ఈ సంస్థలో చేసిన రెండు చిత్రాలకూ ఉత్తమ నటుడిగా నంది అందుకున్నారు. చిరంజీవి కూడా 'స్వయంకృషి'కి, 'ఆపద్బాంధవుడు'కు నంది అందుకున్నారు. మాస్ కథానాయకుడిగా తిరుగులేని స్థానంలో ఉన్న నటుడిని చెప్పులు కుట్టే సాంబయ్యగా చూపే సాహసంలో సగం నటుడిది అయితే, ఆ నటుడి మార్కెట్టును బట్టి బయ్యర్లు ఆశించేది ఇవ్వకుండా వారిని ఒప్పించవలసిన మిగతా సగం నిర్మాతది. చిరంజీవికి మొదటి నంది ఆ సాంబయ్య పాత్రకే వచ్చింది.

దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాల జాబితా కూడా ఒకసారి తిరగేశాను. తెలుగువారిలో నిర్మాణానికి సంబంధించి ఎల్.వి. ప్రసాద్ (1982), బి. నాగిరెడ్డి (1986), డి. రామానాయుడు (2009) ఆ జాబితాలో ఉన్నారు. ముగ్గురూ స్టూడియోలు కట్టినవారు. వారి కృషిని తగ్గించడం నా ఉద్దేశం కాదు. ఒక సంస్థ, ఒక ప్రాంగణం, వందలమందికి ఉపాధి అన్నవి గౌరవించదగినవే. అయితే సొంత ప్రాంగణం లేకుండా, అద్దె ఫ్లోర్లలోనూ బయటి లొకేషన్లలోనూ సినిమా తరువాత సినిమా తీసిన నిర్మాతకు మిగిలే ఆస్తి ఆ సినిమాలే. 2022లో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో పునరుద్ధరించిన భారతీయ చిత్రాల విభాగంలో 'శంకరాభరణం' ప్రదర్శించినప్పుడు, ఆ ఆస్తిని ఆర్కైవ్ కాపాడిందన్న సంతోషం కలిగింది. అదే శ్రద్ధ మిగిలిన ఎనిమిదింటికీ దక్కాలి.

వ్యాసంలో నాకు రాయడం కష్టమైన భాగం 1992 తరువాతది. 'ఆపద్బాంధవుడు' తరువాత 2015 అక్టోబరు 4న కన్నుమూసే వరకు ఏడిద గారు మరో చిత్రం నిర్మించలేదు. ఆ కాలంలో తెలుగు పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిరావడం పూర్తయింది, 1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఛానళ్ళు వచ్చాయి, తారల పారితోషికాలు, పంపిణీ పద్ధతులు మారిపోయాయి. వీటిలో ఏదో ఒకదాన్ని కారణంగా ఎంచి చెప్పేస్తే వ్యాసానికి తేలికగా ముగింపు దొరికేది. వ్యక్తి మనసులోని కారణాన్ని ఆయన లేనప్పుడు ఊహించి రాయడం జీవితచరిత్రకారుడికి తగదని భావించి, తేదీలను తేదీలుగానే ఉంచాను.

ఆఖరి చిత్తుప్రతి మీద సంపాదకులకూ నాకూ కొంత వాదన జరిగింది. అవార్డుల పట్టిక మొదటి పేజీలో ఉంటేనే పాఠకులు ఆగి చదువుతారని వారన్నారు. ఒక సినిమా నుంచి మరో సినిమాకు ఆయన ఎలా వెళ్ళారన్నది ముందు చదివితేనే ఆ పట్టికకు అర్థం ఉంటుందని నేనన్నాను. పట్టిక చివరి పేజీకి వెళ్ళింది, దానికి బదులు మొదటి పేజీలో ఏడిద గారి ఫోటో పెద్దది వేశారు; అది నాకూ సమ్మతమే. సంచిక వెలువడిన కొన్నాళ్ళకు ఒక పాఠకుడు సంపాదకులకు గట్టి ఉత్తరమే రాశారు: 'శంకరాభరణం' 1980లో విడుదలైన సంగతి పసిపిల్లలకు కూడా తెలుసని, అవార్డు పక్కన 1979 అని వేసి పత్రిక పరువు తీశామని. జవాబు రాసే పని మళ్ళీ నాకే వచ్చింది. సెన్సారు తేదీకీ విడుదల తేదీకీ ఉన్న తేడాను వివరించి, పురస్కారాల సంపుటంలోని ఆ పేజీ నకలు జతచేసి పంపాను. ఆయన ఈసారి కార్డు రాశారు. పట్టికలో రెండు గడులు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందని, అలాగైతే నంది పురస్కారాలకు కూడా అవే గడులు గీసి వచ్చే సంచికలో వేయమని అందులో కోరారు. ప్రస్తుతం ఆ పనిలోనే ఉన్నాను.